లిమోన్: రేవు ఉన్నా రాబడి లేని సీమ

కోస్టారికా కరేబియన్ తీరమంతా లిమోన్ అనే ఒక్క ప్రావిన్సులోనే ఉంది. అరటి, అనాస సహా దేశ సముద్ర వాణిజ్యంలో సింహభాగం లిమోన్, మోయిన్ రేవుల మీదుగానే సాగుతున్నా, పేదరికం, నిరుద్యోగం బాగా ఎక్కువగా ఉన్న ప్రావిన్సుల్లో ఇదీ ఒకటి. వానలు, చిత్తడి నేలలే ఈ వెనుకబాటుకు కారణమని చెప్పడం తేలిక. నిజానికి ఎక్కువ కీడు చేసినవి ఒప్పందాలు.

మధ్య లోయలో పండే కాఫీని యూరప్‌కు దగ్గరి దారిన పంపాలని 1871లో మొదలుపెట్టిన రైలు మార్గం 1890కి గానీ పూర్తి కాలేదు. పని నడుమ ఖజానా చేతులెత్తేయడంతో, 1884లో అమెరికన్ గుత్తేదారు మైనర్ కీత్‌కు 8 లక్షల ఎకరాల భూమినీ, 99 ఏళ్లపాటు రైల్వే నడిపే హక్కునూ ప్రభుత్వం కట్టబెట్టింది. పట్టాల పక్కన అతను వేసిన అరటి తోటలే 1899లో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీకి పునాది అయ్యాయి. రైల్వే పనికీ తోటల పనికీ జమైకా నుంచి వచ్చిన నల్లజాతి కూలీల వారసులు నేటికీ ఇంగ్లిష్ నుంచి పుట్టిన క్రియోల్ యాస మాట్లాడుకుంటారు, కొబ్బరిపాలతో బియ్యం, చిక్కుడు గింజలు కలిపి వండుకుంటారు.

1934లో కార్లోస్ లూయిస్ ఫయాస్ నాయకత్వాన అరటి కూలీలు సమ్మెకు దిగారు. పనామా తెగులుతో తోటలు దెబ్బతిన్న కంపెనీ పసిఫిక్ తీరానికి తరలిపోతే, అక్కడ నల్లవారిని పనిలో పెట్టుకోరాదన్న నిబంధన ఆ ఏడాది ఒప్పందంలోనే చేరింది. కంపెనీ వెంట వెళ్లే వీలులేక, చాలామందికి పౌరసత్వమూ లేక, వారు కోకో సాగుతో నెట్టుకొచ్చారు. 1949 దాకా పౌరసత్వ హక్కు దక్కలేదంటే, దేశం గొప్పగా చెప్పుకునే ప్రజాస్వామ్యానికి అది చిన్న మచ్చేమీ కాదు.

1991 ఏప్రిల్ 22 నాటి భూకంపానికి లిమోన్ వద్ద తీరం సుమారు మీటరున్నర పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి బయట తేలి ఎండిపోయాయి. అప్పటికే కుంటుతున్న రైలు ఆ దెబ్బకు మరి కోలుకోలేదు. భారమంతా రాజధాని శాన్ హోసేను లిమోన్‌తో కలిపే 32వ నంబరు రహదారి మీద పడింది.

2019లో మోయిన్‌లో కొత్త కంటైనర్ టెర్మినల్ తెరుచుకుంది. నిర్వహణ హక్కు 33 ఏళ్లపాటు ఒక విదేశీ సంస్థది; సరుకు అటు మళ్లడంతో ప్రభుత్వ రేవు సంస్థ జప్దేవా సిబ్బందిని తగ్గించుకుంది. టెర్మినల్ అక్కర్లేదని కాదు, పాత రేవు చాలదన్న మాట నిజమే. కానీ రాబడిలో స్థానికుల వాటాను, దాని ఖర్చుపై వారి అజమాయిషీని ముందే గట్టిగా రాసుకోవాలి. ఇదే ప్రావిన్సులోని కహుయితాలో 1994లో ప్రవేశ రుసుము పెంపుపై ఊరివాళ్లు తిరగబడ్డాక, జాతీయ పార్కు నిర్వహణలో ప్రభుత్వం వారికి భాగం ఇవ్వక తప్పలేదు.