గ్రిడ్ లేకపోతే ఎలక్ట్రికల్ కోడ్ అక్కర్లేదా? అసలు అక్కడే ఎక్కువ కావాలి

గ్రిడ్‌తో, అంటే బయటి కరెంట్ లైన్‌తో, నాకు సంబంధం లేదు, ఇల్లు నాది ప్యానెళ్లు నావి, మధ్యలో ఈ కోడ్, అంటే వైరింగ్ భద్రతా నియమాల, గొడవేంటి అనే మాట ఆఫ్‌గ్రిడ్ సోలార్ పెట్టుకునేవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కి మన ఇన్వర్టర్ వల్ల షాక్ కొట్టే భయం లేదు, పర్మిట్లూ డ్రాయింగులూ ఇన్‌స్పెక్షన్ల ఖర్చు చిన్న సిస్టమ్‌కి నిజంగా భారమే. అంతవరకే.

మిగతాదంతా తలకిందుల ఆలోచన. గ్రిడ్‌కి కలిపిన మామూలు ఇన్వర్టర్ గ్రిడ్ పోగానే తనూ ఆగిపోతుంది, ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్ పనే ఆగకుండా ఉండటం. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో వోల్టేజ్ ఉంటుంది, బ్యాటరీలో రాత్రీపగలూ ఉంటుంది, మెయిన్ స్విచ్ కట్టేసినంత మాత్రాన ఈ రెండూ చల్లారవు. ఇంట్లో మంటలొస్తే నీళ్ల పైపు పట్టుకుని వచ్చిన ఫైర్ సిబ్బందికి ఏది లైవ్‌లో ఉందో చెప్పేది గోడ మీది లేబులూ, చేతికందే చోట పెట్టిన డిస్‌కనెక్టూ (సర్క్యూట్‌ని విడగొట్టే స్విచ్) మాత్రమే. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ఎన్ఈసీ 2017 ఎడిషన్‌లో, ఇంటి మీది ప్యానెళ్ల నుంచి బయటికొచ్చే వైర్లు షట్‌డౌన్ నొక్కిన 30 సెకన్లలో 30 వోల్టుల్లోపుకి దిగిపోవాలని రాసింది ఇందుకే, లేబుల్ చదివే టైమ్ కూడా ఉండదు కాబట్టి.

ఇంకా పెద్ద ప్రమాదం డీసీ, అంటే ప్యానెళ్లూ బ్యాటరీలూ ఇచ్చే, ఒకే దిశలో పారే కరెంట్. ఇంటి ప్లగ్గులో ఉండే 50 హెర్ట్జ్ ఏసీ దిశ మార్చుకుంటూ సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, స్విచ్ తెరిచినప్పుడు గాల్లోంచి దూకుతూ లేచిన నిప్పు, అంటే ఆర్క్, ఆ సున్నా దగ్గర ఆరిపోయే వీలుంటుంది. డీసీకి ఆ సున్నానే లేదు, అంటుకున్న ఆర్క్‌ని సాగదీసి ఆర్పాల్సిందే. చవగ్గా వచ్చిందని ఏసీ బ్రేకర్ తెచ్చి ప్యానెళ్ల లైన్లో పెడితే ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు, కరెంట్ పారుతుండగా తెరిచిన రోజు మాత్రం లోపలే కాలిపోవచ్చు. పోలారిటీ ఉన్న, అంటే ప్లస్ మైనస్ చూసి కలపాల్సిన, డీసీ బ్రేకర్‌ని తిరగేసి కలిపినా అంతే, ఆర్క్‌ని ఆర్పాల్సిన అయస్కాంతమే దాన్ని తప్పువైపుకి తోస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. ప్యానెల్ షార్ట్ అయినా మామూలు కంటే కాస్తే ఎక్కువ కరెంట్ ఇస్తుంది, ఫ్యూజ్ ఎగిరి కాపాడుతుందిలే అనుకోడానికి లేదు, వైరే ఆ కరెంట్‌ని రోజంతా మోయగలగాలి. షార్ట్ సర్క్యూట్ కరెంట్‌ని 1.56తో గుణించి వైర్ తీసుకోమనే లెక్క అక్కణ్ణుంచే వచ్చింది, గట్టి ఎండకి ఒక 1.25, గంటల తరబడి పారే కరెంట్‌కి ఇంకో 1.25. బ్యాటరీ దీనికి పూర్తి రివర్స్. 48 వోల్టులే కదా షాక్ కొట్టదులే అంటారు, చాలావరకు నిజమే, కానీ లిథియం బ్యాటరీ బ్యాంక్ టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి, ఆ దెబ్బకి మామూలు ఫ్యూజ్ తెగినా ఆర్క్ ఆగకపోవచ్చు. అందుకే 20 వేల ఆంపియర్ల డీసీని తెంచగల క్లాస్ టీ రకం ఫ్యూజ్ పెట్టమంటారు. బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ ఉందిగా అనే జవాబు నాకు సరిపోదు, దాంట్లో స్విచ్‌లుగా పనిచేసే మాస్‌ఫెట్లు పాడైతే షార్ట్ అయ్యి ఆన్‌లోనే ఉండిపోవచ్చు.

న్యూట్రల్, ఎర్త్ కలిసే చోటు సిస్టమ్ మొత్తానికి ఒక్కటే ఉండాలి. గ్రిడ్ ఉన్నచోట అది ముందే ఎవరో చూసుకుని ఉంటారు, ఇక్కడ ఆ పని మనదే. ఎక్కడా కలపకపోతే ఫాల్ట్ కరెంట్ తిరిగొచ్చే దారి లేక, లీకేజీ కరెంట్‌ని పసిగట్టి సప్లై ఆపే ఆర్‌సీడీ ట్రిప్ అవదు, ఇన్వర్టర్ దగ్గరా జనరేటర్ దగ్గరా రెండుచోట్లా కలిపితే ఎర్త్ వైర్లోనే మామూలు కరెంట్ పారుతుంది. రాడ్ ఒకటి నేలలో దిగ్గొట్టి ఎర్తింగ్ అయిపోయిందనుకునేవాళ్లు దయచేసి ఈ ఒక్కటీ చూసుకోండి.

కోడ్ రాసినవాళ్లకి ఆఫ్‌గ్రిడ్ గురించి తెలీదనేది కూడా తప్పు. ఎన్ఈసీలో స్టాండ్‌అలోన్, అంటే గ్రిడ్ లేకుండా నడిచే, సిస్టమ్స్‌కి ఆర్టికల్ 710 అని విడిగా ఉంది, ఇంట్లో మొత్తం లోడ్‌కి సరిపడా ఇన్వర్టర్ కావాలని కూడా అది అడగదు, అన్నిటికంటే పెద్ద ఒక్క లోడ్‌ని మోస్తే చాలంటుంది.

నా కోపం వేరేదాని మీద. ఈ రూల్స్ 1897లో వచ్చిన మొదటి ఎన్ఈసీ నుంచి ఇప్పటిదాకా కాలిపోయిన ఇళ్ల నుంచి, పోయిన ప్రాణాల నుంచి నేర్చుకుని రాసినవి, అంటే అందరి ఆస్తి. కానీ సోలార్ ప్యానెళ్లని కలిపి బిగించే డిజైన్‌కి ఉన్న అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 62548 చదవాలంటే డబ్బు పెట్టి కొనాలి. తన సిస్టమ్ తనే బిగించుకునే మనిషి ఆ డబ్బుతో ఇంకో ప్యానెల్ కొనుక్కుంటాడు, వీడియోలు చూసి వైరింగ్ చేస్తాడు, తర్వాత కోడ్ పాటించలేదని అతన్నే తిడతాం! చట్టంలో కలిపేసుకున్న స్టాండర్డ్స్‌ని లాభాపేక్ష లేకుండా అందరికీ చూపించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని అమెరికా అప్పీల్ కోర్టు 2023లో తేల్చింది. మిగతా దేశాలు కోర్టు దాకా లాగకుండానే ఈ పని చేయొచ్చు, పాటించి తీరాలని ఏ స్టాండర్డ్‌ని చట్టం చేస్తారో దాని పూర్తి పాఠం, బొమ్మలూ పట్టికలతో సహా, జనం మాట్లాడే భాషలో అదే రోజు ఫ్రీగా పెట్టాలి.