108 సేవల సంస్కరణకు ఒక వినయపూర్వక ప్రతిపాదన

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైనప్పుడు దాన్ని నడిపేవాళ్లు ఒక పెద్ద తప్పు చేశారు. ఫోన్ చేస్తే నిజంగానే వచ్చేశారు.

ప్రభుత్వం పేరు మీద నడిచే సేవలకు మన దగ్గర ఒక సంప్రదాయం ఉంది. మొదటిసారి ఫోన్ చేస్తే ఎత్తకూడదు. రెండోసారి ఎత్తి, అది మా సెక్షన్ కాదని చెప్పాలి. మూడోసారికి అడిగేవాడే విసుగొచ్చి ఇంకో దారి చూసుకోవాలి. 108 ఈ మర్యాదలేవీ పాటించలేదు. పైగా డబ్బులు కూడా అడగలేదు. ఆపైన వైఎస్ రాజశేఖరరెడ్డి సభల్లో ‘కుయ్ కుయ్ కుయ్’ అని వినిపించాక ఆ నంబరు పసిపిల్లలకు కూడా నోటికొచ్చేసింది. 20 ఏళ్లు ఇలా అలవాటు చేసి, ఇప్పుడు జనం ఊరికే ఫోన్లు చేసి సతాయిస్తున్నారంటే ఎవరిది తప్పు?

రాత్రి మండల కేంద్రం సంగతే తీసుకోండి. వైన్ షాపు షట్టర్ దించేసరికి ఊరికి వెళ్లే ఆఖరి బస్సు ఎప్పుడో పోయి ఉంటుంది. ఆటోవాడు మూడు వందలంటాడు. సరిగ్గా అప్పుడే ఒక పౌరుడికి గుండెల్లో నొప్పి మొదలవుతుంది. చాలా క్రమశిక్షణ గల నొప్పి అది. బండి ఎక్కగానే సగం తగ్గుతుంది. పెద్దాసుపత్రి ఎటూ వాళ్ల ఊరి దారిలోనే ఉంది కాబట్టి, పొలిమేర రాగానే మిగతా సగమూ పోతుంది. బండిలో వైద్యం చూసే ఈఎంటీ బీపీ పట్టీ చుట్టేలోపే ‘ఇప్పుడు బానే ఉంది తమ్ముడూ, ఆ మర్రిచెట్టు దగ్గర ఆపు’ అంటాడు. 108లో డ్రైవరును పైలట్ అంటారు. అందుకు తగ్గట్టే మనవాడు విమానం దిగినంత దర్జాగా దిగి, తూలుతూ వెళ్లిపోతాడు. ఆ గంటలో పక్క ఊళ్లో ఎవరికైనా నొప్పులొస్తే? రాకూడదు. అర్ధరాత్రి నొప్పులు పడటం పద్ధతి కాదు.

ఇక ఓపీ చీటీ లైన్లో నిలబడే ఓపిక లేక, మోకాళ్ల నొప్పికి సైరన్ వేసుకుని వెళ్దామనుకునేవాళ్లు ఉంటారు. పనిచేస్తుందో లేదో చూద్దామని నెలకోసారి నంబరు కొట్టే బాధ్యత గల పౌరులు ఉంటారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి గొంతు బాగుందని మళ్లీ మళ్లీ చేసేవాడూ ఉంటాడు. జబ్బు నిజంగా ఉన్నది వీడికే. మందు మాత్రం పోలీస్ స్టేషన్లో దొరుకుతుంది.

ఒక పెద్దాయన ఉంటారు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. కొడుకు న్యూజెర్సీలో, కూతురు బెంగళూరులో. వారానికి రెండుసార్లు అర్ధరాత్రి ఆయనకు గుండె దడగా ఉంటుంది. బండి వస్తుంది, కుర్రాడు లోపలికొచ్చి ‘ఏమైంది తాతగారూ’ అంటూ చెయ్యి పట్టుకుని నాడి చూస్తాడు. అంతా నార్మల్ అని చెబితే ఆయన మొహం చిన్నబోతుంది. టీ తాగి వెళ్లమంటారు. ఈయన్ని దుర్వినియోగం చేసేవాళ్ల జాబితాలో రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ప్రస్తుతానికి పెన్సిల్‌తో రాశాను.

ఇలాంటి నంబర్లన్నీ బ్లాక్ చేసి పారేయొచ్చు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కుదరదట. ‘నాన్నా పులి’ కథలో మూడోసారి పిలిస్తే ఎవరూ రారు, కథ కంచికి వెళ్తుంది. 108లో ముప్పయ్యోసారి పిలిచినా వెళ్లి తీరాలి. ఇరవై తొమ్మిది సార్లు తాగి ఫోన్ చేసినవాడికి ముప్పయ్యోసారి నిజంగానే గుండెపోటు రావచ్చు. ఫోన్లో పులికీ పిల్లికీ తేడా తెలియదు.

దారిలో మనం మాత్రం పక్కకు తప్పుకోవాల్సిందే. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. లోపల పడుకున్నాయన బిర్యానీ చల్లారకముందే ఇంటికి చేరాలని ఆరాటపడుతున్నా సరే, సైరన్ సైరనే.

కాబట్టి నా ప్రతిపాదన సులువైనది. 108 కూడా మిగతా ఆఫీసుల్లాగే పనిచేయాలి. ఉదయం పదిన్నర నుంచి ఐదు వరకు, మధ్యలో భోజన విరామం. ఫోన్ చేసినవాళ్లు ముందుగా మీసేవలో టోకెన్ తీసుకోవాలి. సర్వర్ డౌన్ అయితే నొప్పిని మర్నాటికి వాయిదా వేసుకోవాలి. ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తప్పనిసరి. పాము కాటు కేసుల్లో కరిచింది నాగుపామో, కట్లపామో తహసీల్దారు స్వయంగా విచారించి ధ్రువీకరించాలి. రెండు మండలాల సరిహద్దులో ప్రమాదం జరిగితే తల ఏ మండలంలో ఉంది, కాళ్లు ఏ మండలంలో ఉన్నాయన్నది సర్వేయరు కొలిచి తేల్చేదాకా బండి కదలకూడదు. ఇవన్నీ అమలైతే మర్రిచెట్టు దగ్గర దిగేవాడు నెల తిరక్కుండానే ఆటోకి మూడు వందలు ఇవ్వడం నేర్చుకుంటాడు. గొంతు ప్రేమికుడికి ‘మీరు క్యూలో ఉన్నారు’ అనే రికార్డింగ్ తప్ప ఏమీ వినపడదు.

మరి నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్ల సంగతేమిటని కొందరు అడుగుతారు. వాళ్లనీ మరిచిపోలేదు. సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. మనిషి స్వయంగా రావాలి. రాలేని స్థితిలో ఉంటే, రాలేకపోతున్నట్టు గెజిటెడ్ సంతకంతో డాక్టరు సర్టిఫికెట్ జత చేసి పంపితే చాలు, పరిశీలిస్తారు.