జెర్వేజ్ కథలో చీకటి ఒక్కటే లేదు

తాగుడు మనిషిని ఎలా తినేస్తుందో చెప్పే నవల గురించి మాట వస్తే ఒక ప్రశ్న తప్పదు. ఆశన్నదే లేని పుస్తకాన్ని గొప్పదని ఎలా అంటాం? మనసు పాడుచేసుకోవడానికి చదవాలా? నేనైతే జవాబు కోసం ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా రాసిన ‘లాసొమ్వార్’ నవల దగ్గరికే వెళతాను. ఇప్పుడు మనం పడే ఈ తగాదా అంతా దాని మీద అప్పుడే జరిగిపోయింది.

1876లో ఆ నవల ఒక పారిస్ పత్రికలో సీరియల్‌గా మొదలై, పాఠకుల గొడవతో మధ్యలో ఆగింది. మిగతా భాగం ఇంకో పత్రికలో వచ్చింది. 1877లో పుస్తకంగా వెలువడింది. మర్యాదస్తులు బూతు అన్నారు. కార్మికుల పక్షాన మాట్లాడేవాళ్లు పేదవాళ్ల పరువు తీశాడన్నారు. ప్రజల గురించి అబద్ధం చెప్పని మొదటి నవల ఇదేనని, ఇందులో ప్రజల వాసన ఉందని జోలా ముందుమాటలో రాసుకున్నాడు.

కథానాయిక జెర్వేజ్ పారిస్‌లోని ఒక కార్మికుల పేటలో బట్టలు ఉతికి బతికే మనిషి. ప్రియుడు లాంతియే ఆమెను, ఇద్దరు పిల్లలను వదిలేసి పోయాడు. ఇళ్ల కప్పులకు జింకు రేకులు వేసే కూపో ఆమెను పెళ్లి చేసుకుంటానని వెంటపడతాడు. ఇద్దరూ ఆ పేటలోని సారా దుకాణంలో కూర్చుని బ్రాందీలో నానబెట్టిన రేగుపండు లాంటి పండు తింటారు. ఆమె పండు తిని, ఆ బ్రాందీ తనకు పడదని గ్లాసులోనే వదిలేస్తుంది. తనకేం కావాలో అప్పుడే చెబుతుంది: చేసుకోవడానికి పని, తినడానికి తిండి, పడుకోవడానికి శుభ్రమైన చోటు, పిల్లల్ని పెంచుకోవడం, దెబ్బలు తినకుండా ఉండటం, చివరికి తన మంచం మీద తాను పోవడం. కొన్నేళ్ల తర్వాత జీతం డబ్బులతో మాయమైన మొగుణ్ని వెతుక్కుంటూ అదే దుకాణానికి వచ్చి, అక్కడే కూర్చుని తాగుతుంది. ఈ రెండు సన్నివేశాల్లోనూ రచయిత మనకు నీతి చెప్పడు. వదిలేసిన ఆ బ్రాందీ మనకు గుర్తుంటే చాలు.

ఇక కూపో. తండ్రి తాగిన మైకంలో కప్పు మీంచి పడి చచ్చాడని, తాను సారా ముట్టడు. ఒకరోజు పని ముగిసే వేళ కింద నుంచి చిన్నకూతురు నానా “నాన్నా” అని పిలుస్తుంది. కూతురి వైపు తిరగబోయి పడిపోతాడు. ‘తాగి పడ్డ నాన్న సంగతి సరే, చుక్క ముట్టని నేనెందుకు పడాలి?’ అని మంచం మీద పడుకుని కుమిలిపోతాడు. ఆసుపత్రికి పంపకుండా జెర్వేజ్ ఇంట్లోనే చూసుకుంటుంది. దాచుకున్నదంతా కరిగిపోతుంది. విరిగిన కాలు బాగయ్యాక కూడా అతనికి కప్పు ఎక్కాలంటే మనసు రాదు, తాగుడు అక్కడ మొదలవుతుంది. పనిలో గాయపడినవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం ఫ్రాన్స్‌లో 1898లో గానీ రాలేదు. పేదవాళ్ల పరువు తీశాడన్న విమర్శ ఈ అధ్యాయం దగ్గర నిలబడదు. తాగుబోతు పుట్టుకతో చెడ్డవాడని ఇది చదివాక నేను నమ్మలేకపోయాను.

అయినా ఈ పుస్తకాన్ని గొప్పది అనిపించేది పతనం కాదు, విందు. జెర్వేజ్ తన పేరుగల పునీతురాలి పండగ రోజున పెద్ద బాతును కాల్చి తెలిసినవాళ్లను పిలుస్తుంది. డబ్బు చాలక పట్టు గౌను తాకట్టుకు పోతుంది. తినేవాళ్లు ఒళ్లు మరిచి తింటారు, వీధి తలుపు తీసి పెడతారు, పేట మొత్తానికి ఆ వాసన పండగ అవుతుంది. లాంతియే మళ్లీ వచ్చేది కూడా ఆ రాత్రే. బల్ల దగ్గర పదమూడు మంది కూర్చుంటే అశుభమని, మెట్ల కింద గూట్లో పడి ఉండే ముసలి బ్రూను పిలుచుకొస్తారు. అతని ముగ్గురు కొడుకులూ క్రిమియా యుద్ధంలో పోయారు. జెర్వేజ్ చివరికి ఆ మెట్ల కింద గూట్లోనే చచ్చిపోతుంది. ఆ విందులో ఆమె సంతోషాన్ని మనం పంచుకున్నాం కాబట్టే ఈ చావు గుచ్చుకుంటుంది. మొదటి పేజీ నుంచీ దుఃఖమే పోసి ఉంటే ఎవరు ఏడుస్తారు?

జోలా తప్పటడుగులు వేయలేదని అనను. తాగుడుతో సహా మనిషి గుణాలన్నీ వంశంలోనే వస్తాయన్న సిద్ధాంతం పట్టుకుని ఒకే కుటుంబం మీద ఇరవై నవలలు రాశాడు, ఇది ఏడోది. ఆ సిద్ధాంతం తోసుకొచ్చిన చోటల్లా మనుషులు పలుచబడిపోతారు. తాగుబోతు తండ్రి చేతి దెబ్బలు తింటూ తమ్ముణ్ని, చెల్లెల్ని సాకే ఎనిమిదేళ్ల లాలీ మరీ దేవతలా ఉంటుంది. ఆ పిల్ల చనిపోయే చోట రచయిత మనల్ని ఏడిపించాలని చూస్తున్నాడని తెలిసిపోతుంది.

కళకూ ఉపయోగానికీ ముడిపెట్టేవాళ్లు ఇంకో మాట అడుగుతారు: ఇది చదివి ఎవరైనా తాగుడు మానారా? 1879లో లండన్‌లో ఈ కథను తాగుడు మీద హెచ్చరికగా నాటకం ఆడారు. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో సారా గురించి చదువుకుని, చర్చించుకుని దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాలు చేసిన పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. అవి గొప్ప సాహిత్యమా అని అడగడం అనవసరం. అలాగే దుకాణం మూయించలేదని నవలను తక్కువ చేయడం కూడా సరికాదు. జోలా మనకు చూపించింది తాగినవాడి ఇంట్లో ఏం పోయిందో, పోకముందు అది ఎంత బాగుండేదో. చివరి అధ్యాయాలు తట్టుకోలేక పుస్తకం పక్కన పెట్టేసినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ వాళ్లు ఆ విందు అధ్యాయం దాకా మాత్రం చదివి తీరాలి.