ఆ పదమూడు ఓట్ల వెనుక

అప్పటిదాకా అధ్యక్షుడు జార్జ్ బుష్‌కు జాతీయ భద్రతా సలహాదారుగా ఉండి, ఇరాక్ యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన కాండొలీజా రైస్‌ను అమెరికా విదేశాంగ మంత్రిగా నియమించడాన్ని సెనేట్ 2005 జనవరి 26న 85–13 ఓట్లతో ఆమోదించింది. ఆమె గెలుస్తారన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. వ్యతిరేకించిన పదమూడు మందిలో ఎవరు ఇరాక్ యుద్ధం గురించి నిజంగా బాధపడి ఓటు వేశారు, ఎవరు 2008 అధ్యక్ష ఎన్నికల మీద కన్ను వేసి ఓటు వేశారు అన్న చర్చ మాత్రం మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా ఆ రోజుల్లో బాగానే నడిచింది. ఒక శనివారం మా ఇంట్లో భోజనాలయ్యాక ఒక పెద్దాయన, "వీళ్ళ గొడవ రైస్ గారితో కాదండీ, అయోవాలో ఓట్ల కోసం" అని తేల్చేశారు. వ్యతిరేకించినవారిలో దాదాపు అందరూ చెందిన డెమొక్రటిక్ పార్టీకి అధ్యక్ష అభ్యర్థుల ఎంపికలో అప్పట్లో తొలి పోటీ అయోవాలోనే జరిగేది కనుక ఆ మాట అక్కడున్న అందరికీ నచ్చింది. నాకు మాత్రం అది సగమే నిజమనిపించింది.

పేరుపేరునా ఓటింగు జరిగినప్పుడు ఎవరు ఎటు ఓటు వేశారో సెనేట్ నమోదు చేసి ప్రజల ముందు ఉంచుతుంది. రైస్ నియామకం మీద జరిగిన ఓటింగు జాబితాను, 2002 అక్టోబరులో ఇరాక్ మీద సైనిక చర్యకు అధికారమిస్తూ 77–23తో నెగ్గిన తీర్మానం జాబితాను ఈ మధ్య ప్రింటు తీసి, భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచి, పెన్సిలుతో ఒక్కొక్క పేరుకూ గుర్తు పెడుతూ వచ్చాను. అకాకా, బాక్సర్, బర్డ్, డేటన్, డర్బిన్, జెఫర్డ్స్, కెనెడీ, లెవిన్, రీడ్: రైస్‌ను వ్యతిరేకించినవారిలో ఈ తొమ్మిది మంది యుద్ధ తీర్మానాన్ని కూడా వ్యతిరేకించినవారే. లాటెన్‌బర్గ్ అప్పటికి సెనేట్‌లో లేరు. మిగిలిన ముగ్గురు, అంటే హార్కిన్, జాన్ కెర్రీ, ఎవాన్ బై, యుద్ధానికి అనుమతినిస్తూ ఓటు వేసినవారు.

ఈ తొమ్మిది పేర్లను పదవీకాంక్ష ఖాతాలో వేయడం అన్యాయం. విదేశీ వ్యవహారాల కమిటీ విచారణలో బార్బరా బాక్సర్, అప్పగించిన పని మీది విధేయత మీకు సత్యం మీద ఉండవలసిన గౌరవాన్ని మించిపోయిందని రైస్ ముఖం మీదే అన్నారు. తన నిజాయితీని శంకించకుండా మాట్లాడుకుందామని రైస్ అంతే గట్టిగా బదులిచ్చారు. బాక్సర్ మాట కటువుగా ఉందని నేను ఒప్పుకుంటాను. కానీ యుద్ధాన్ని మొదటే వద్దన్న మనిషి, ఆ యుద్ధానికి దేశాన్ని ఒప్పించిన వారిలో ముఖ్యురాలైన జాతీయ భద్రతా సలహాదారును నిలదీయడంలో అసంగతం ఏమీ లేదు.

ఎవాన్ బై సంగతి వేరు. ఆయన 2002 తీర్మానానికి ఓటు వేయడమే కాదు, దాని సహప్రతిపాదకులలో ఒకరు. ఇండియానా వంటి రిపబ్లికన్ మొగ్గున్న రాష్ట్రంలో మధ్యేమార్గపు నాయకుడని పేరు తెచ్చుకున్నారు. యుద్ధ నిర్వహణలో జరిగిన తప్పులకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలన్నది ఆయన చూపిన కారణం, అది కొట్టిపారేయదగినది కాదు. అయితే తన ఓటు సంగతి ఏమిటన్న ప్రశ్నను ఆ కారణం పక్కకు నెట్టేసింది. 2006 డిసెంబరులో ఆయన అధ్యక్ష పోటీకి సన్నాహక కమిటీ ఏర్పాటు చేసుకుని, రెండు వారాలు తిరగకుండానే విరమించుకున్నారు.

కెర్రీ విషయంలో చరిత్ర ఒక విచిత్రమైన పోలికను ఇస్తుంది. విదేశాంగ మంత్రి నియామకానికి అంతకుముందు ఇంతకన్నా ఎక్కువ వ్యతిరేక ఓట్లు వచ్చింది 1825లో, హెన్రీ క్లేకి. అప్పుడు 27–14. క్లే మద్దతుతోనే జాన్ క్విన్సీ ఆడమ్స్ ప్రతినిధుల సభలో అధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. ఆ పోటీలో ఓడిపోయిన ఆండ్రూ జాక్సన్ అప్పుడు టెనెసీ సెనేటర్. క్లేకి వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో ఆయన ఒకరు, 1828లో అధ్యక్షుడుగా ఎన్నికైనదీ ఆయనే. నూట ఎనభై ఏళ్ళ తరువాత, 2004 అధ్యక్ష ఎన్నికలో బుష్ చేతిలో ఓడి మూడు నెలలైనా నిండని కెర్రీ కూడా అలాగే గెలిచిన ప్రత్యర్థి ఎంచుకున్న మంత్రిని వ్యతిరేకించారు. తన 2002 ఓటు అధ్యక్షుడి చేతికి ఒత్తిడి తెచ్చే బలం ఇవ్వడానికేనని, దాన్ని బుష్ దుర్వినియోగం చేశారని కెర్రీ చెప్పుకున్నారు. ఆ వాదనలో కొంత పస ఉన్నా, ఓడిన అభ్యర్థి నోట అది ఎంత వినిపించాలో అంత వినిపించలేదు. పదవీకాంక్ష చేసే నష్టం ఇదే: పక్కనున్న తొమ్మిది మంది చెప్పిన నిఖార్సైన అభ్యంతరం కూడా దానివల్ల పలచబడింది.

మా పెద్దాయన సిద్ధాంతానికి అందని పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2008లో నిజంగా పోటీకి దిగిన హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా, జో బైడెన్ ముగ్గురూ రైస్‌కు అనుకూలంగానే ఓటు వేశారు. అధ్యక్ష పదవి మీద ఆశ ఒకరిని వ్యతిరేకించేటట్టు చేస్తే మరొకరిని సమర్థించేటట్టు చేయవచ్చు. అందుకే ఫలానావారికి ఆశ ఉందా అని అడగడం కన్నా, చెబుతున్న అభ్యంతరం వారి నోట ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అని చూడడం మేలని నా అభిప్రాయం. ఫలానా మంత్రిని అడ్డుకోమని మీ సెనేటరుకు ఫోన్ చేయండి అంటూ మన సంఘాల వాట్సాప్ బృందాలలో సందేశాలు వచ్చినప్పుడు నేను ముందుగా వెతికేది అదే.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. 2013 జనవరి 29న కెర్రీయే విదేశాంగ మంత్రిగా సెనేట్ ముందుకు వచ్చి 94–3తో నెగ్గారు. కాదన్న ముగ్గురిలో ఒకరైన టెడ్ క్రూజ్ 2015 మార్చిలో అధ్యక్ష పోటీ ప్రకటించారు. ఆ జాబితానూ ప్రింటు తీశాను గానీ, ఆయన సెనేట్‌కు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు కనుక పక్కన పెట్టి చూడడానికి పాత ఓటు ఏదీ దొరకలేదు.