శాలువా కప్పాక జాగిలం ఎక్కడికి?

పోలీసు జాగిలం పదవీ విరమణ ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. మెడలో దండ, వీపున శాలువా, చుట్టూ అధికారులు, ఒక ఫొటో. మర్నాడు మా పత్రికతో సహా అన్నింట్లో నాలుగు వాక్యాలు. ఎన్ని కేసులు 'ఛేదించిందీ' అందులో రాస్తాం. ఆ లెక్క దగ్గరే మాకు పేచీ ఉంది.

నెల్లూరు శివారు కాలనీలో ఓ ఇంటి తాళం పగిలిందనుకుందాం. జాగిలం వస్తుంది, గొళ్లెం వాసన పట్టి నాలుగు సందులు తిరిగి హైవే అంచున నిలబడిపోతుంది. 'రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది' అని జనం పెదవి విరుస్తారు. నిజానికి దాని పని అక్కడితో అయిపోయింది. దొంగ బండెక్కిన చోటు చూపించింది. అక్కడి సీసీ కెమెరాలు వెతకాల్సింది మనుషులే. 2001లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు ఈ గీత గీసింది: దర్యాప్తుకు జాగిలం ముక్కు అక్కరకొస్తుంది, తీర్పుకు మాత్రం అది ఆధారం కాలేదు.

మధ్యలో దారి తప్పిందంటే చాలాసార్లు తప్పు మనదే. జీపు వచ్చేలోపు చుట్టాలూ పక్కింటివాళ్లూ బీరువా తలుపు పట్టుకుని చూసేస్తారు. ఎవరో ఒకరు గడప కడిగి ఫినాయిల్ కూడా చల్లుతారు. దొంగ వదిలిన చెప్పునో గుడ్డనో వట్టి చేత్తో తీస్తే దానికి మన వాసన అంటుకుంటుంది. పట్టకారుతో తీసి కొత్త పాలిథిన్ కవర్లో వేయాలి. మంచుకు తడిసిన మట్టి మీద నిలిచే వాసన, రోహిణీ కార్తె ఎండలో సిమెంటు రోడ్డు మీద పొద్దెక్కేసరికి చెదిరిపోతుంది. పైగా నాలుక చాచి రొప్పే కుక్కకు గాలి నోటి గుండా ఆడుతుంది, ముక్కు సరిగా పనిచేయదు. మధ్యాహ్నం పిలిపించి ఫలితం లేదనడం దానికి చేసే అన్యాయం.

గంజాయి, బాంబుల వాసన పట్టే స్నిఫర్ల పని వేరు. ఏజెన్సీ నుంచి చెన్నై వైపు వెళ్లే సరుకును కారం, కాఫీ పొడి మధ్య దాచి టేపు చుడతారు. మనకు ఘాటు ఒక్కటే తెలుస్తుంది, దానికి లోపలి వాసన విడిగా తెలుస్తుంది. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు గట్టు వెంట వెతికేటప్పుడు అనుమానం వస్తే మొరగదు, గీరదు, చప్పుడు లేకుండా కూర్చుంటుంది. బాంబు దగ్గర గోకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అరగంట వెతికాక దానికి నీడ, నీళ్లు, విశ్రాంతి ఇవ్వాల్సిందే.

ఇలా ఏళ్ల తరబడి పనిచేసిన జాగిలానికి ఎనిమిదో తొమ్మిదో ఏడు దాటేసరికి వెనక కాళ్లు పట్టేస్తాయి. నున్నటి గచ్చు మీద జారుతుంది. గోనెపట్టా పరిస్తే లేవగలుగుతుంది. పరుగు తగ్గాక గోళ్లు అరగవు, రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. లాబ్రడార్ అయితే తిండి తగ్గించకపోతే ఒళ్లొచ్చి కీళ్ల మీద భారం పడుతుంది. నొప్పికి మనం వేసుకునే ఇబుప్రొఫెన్ దానికి విషం. పిడుదుల జ్వరమైతే మరీ మోసకారి: తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. బతుకంతా ముక్కు మీద నడిపిన జీవికి అదేం శిక్షో! రక్తపరీక్ష చేయించి వారాల తరబడి మందులు వాడాలి.

ఇదంతా ఖర్చు. ఇన్నాళ్లూ దాన్ని వెంట నడిపించి, ప్రేమతో ఇంటికి తీసుకెళ్లే పోలీసు, అంటే హ్యాండ్లర్ జీతంలోంచి పోవాల్సిన ఖర్చు కాదు. తిండి, మందుల పద్దు జాగిలం బతికున్నంతకాలం దాని పేరిటే నడవాలి. పెంచుకునే మొదటి హక్కు హ్యాండ్లర్‌ది. మూడు నెలలకోసారి ప్రభుత్వ పశువైద్యుడి పరీక్ష ఉండాలి. విరమణకు ముందు ఏడాదిలో ఆ హ్యాండ్లర్‌ను బదిలీ చేయకూడదు. నెల్లూరు, ఒంగోలు పోలీసు కార్యాలయాలు ఈపాటి ఉత్తర్వు కోసం ప్రతిపాదన పంపడానికి పెద్ద కసరత్తేమీ అక్కర్లేదు.

పని మాన్పించిన కుక్క తెల్లారుజామున జీపు చప్పుడు వినగానే కుంటుకుంటూ గేటు దాకా వస్తుంది. అలాంటప్పుడు తెలిసిన వాసన ఉన్న గుడ్డముక్క పెరట్లో దాచి, పది నిమిషాలు వెతకనివ్వాలి. దొరికాక పాత బంతి ఇవ్వడం మరిచిపోకూడదు.