ఫిల్టర్ నెమ్మదిస్తే భయం లేదు, జోరందుకుంటేనే చూసుకోవాలి

రెండేళ్ల కిందట మా ఇంట్లో నీళ్ల ఫిల్టర్ ఉన్నట్టుండి జోరందుకుంది. అంతకుముందు రాత్రి పై డబ్బా నింపి పడుకుంటే తెల్లారేసరికి కింది డబ్బా నిండేది. ఆ వారం మాత్రం పోసిన గంటన్నరకే నీళ్లన్నీ దిగిపోయాయి. మొన్నే కదా నీళ్లను వడకట్టే సిరామిక్ గొట్టాలను, అదే క్యాండిల్స్‌ని బాగా తోమాను, రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి అనుకుని సంతోషపడ్డాను. పది రోజుల తర్వాత మళ్లీ విప్పినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఒక క్యాండిల్ కింద రబ్బరు వాషర్ మడతపడి ఉంది, నీళ్లు క్యాండిల్‌లోంచి కాకుండా ఆ సందులోంచి నేరుగా కిందికి కారుతున్నాయి. అంటే ఆ పది రోజులూ చిన్నపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ తాగింది చాలావరకు వడకట్టని నీళ్లే. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు పడ్డ టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి ఏ ఫిల్టర్ కొనాలని ఎవరు అడిగినా నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తున్నాను: అది పాడైతే మీకు ఎలా తెలుస్తుంది? కరెంటు, పంపు, పైపు కనెక్షన్ ఏవీ అక్కర్లేకుండా పైన పోస్తే కిందికి దిగే ఈ ఫిల్టర్లంటే నాకు చాలా ఇష్టం. అయితే వీటిలో లైట్ వెలగదు, బజర్ మోగదు. పాడైన ఫిల్టర్ నుంచి కూడా నీళ్లు తేటగానే వస్తాయి. అందుకే పెట్టె మీద రాసిన శాతాల కన్నా, దాని లోపాన్ని ఇంట్లో మనమే పట్టుకోగలమా లేదా అన్నదే నాకు పెద్ద విషయం.

ఇది ఎందుకు నెమ్మదిగా పనిచేస్తుందో ముందు అర్థం కావాలి. పై డబ్బాలో 30 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లుంటే, అవి క్యాండిల్ అడుగున చూపించే ఒత్తిడి మనచుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో దాదాపు 3 శాతం. కుళాయి పైపులో సాధారణంగా ఉండే ఒత్తిడి దీనికి వంద రెట్ల దాకా ఉంటుంది. ఇంత కొద్దిపాటి బలంతో నీళ్లు కంటికి కనిపించని రంధ్రాల్లోంచి దూరి రావాలి, అందుకే ఒక్కో సిరామిక్ క్యాండిల్ నుంచి గంటకు లీటరో, రెండు లీటర్లో వస్తాయి. పై డబ్బాలో మట్టం తగ్గేకొద్దీ ఆ కాస్త ఒత్తిడీ తగ్గి ధార ఇంకా సన్నబడుతుంది. చలికాలంలో నెమ్మదించడం కూడా లోపం కాదు. చల్లటి నీళ్లు కాస్త చిక్కగా ప్రవర్తిస్తాయి, 10 డిగ్రీల నీళ్లకన్నా 30 డిగ్రీల నీళ్లు అదే క్యాండిల్‌లోంచి ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా దిగుతాయి. ఇవన్నీ తెలియకపోతే మామూలు నెమ్మదికి కంగారుపడి క్యాండిల్‌ని అరిగేదాకా తోమేస్తాం, అసలు ప్రమాదమైన వేగాన్ని చూసి మాత్రం ఆనందిస్తాం, నేను చేసినట్టే.

ఇక ఈ క్యాండిల్ ఏం ఆపగలదు, ఏం ఆపలేదు అన్న దగ్గర ఒక పాత కథ చెప్పాలి. 1884లో పాశ్చర్ దగ్గర పనిచేసిన శాస్త్రవేత్త చార్లెస్ షాంబర్లాండ్ పింగాణీతో ఒక వడపోత గొట్టం చేశాడు, దాంట్లోంచి బ్యాక్టీరియా దాటలేదు. 1892లో ద్మిత్రీ ఇవనోవ్‌స్కీ తెగులు పట్టిన పొగాకు ఆకుల రసాన్ని అలాంటి వడపోతలోంచే దించి చూస్తే, దిగిన రసం ఇంకా తెగులు అంటిస్తూనే ఉంది. 1898లో బైయెరింక్ అదే ప్రయోగం చేసి, బ్యాక్టీరియా కాని వేరే ఏదో దాటి వస్తోందని తేల్చి దాన్ని వైరస్ అన్నాడు. అంటే వైరస్ అనేది ఒకటుందని మనుషులకు తెలిసిందే సిరామిక్ ఫిల్టర్ దాన్ని ఆపలేకపోవడం వల్ల! నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ పరిమితి అలాగే ఉంది.

కొలతల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. విరేచనాలు కలిగించే పరాన్నజీవుల్లో జియార్డియా తిత్తులు 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6, బ్యాక్టీరియా సుమారు అర మైక్రాన్ నుంచి రెండు. మంచి సిరామిక్ క్యాండిల్ వీటిని ఆపుతుంది. రోటా వైరస్ మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు, హెపటైటిస్ ఎ వైరస్ ఇంకా చిన్నది, అవి దాటిపోతాయి. రంధ్రాలు మరీ సన్నగా ఉండే అల్ట్రాఫిల్ట్రేషన్ గొట్టాలైతే వైరస్‌లను కూడా చాలావరకు ఆపగలవు, సన్నటి గొట్టాలు వందలకొద్దీ ఉండటంతో వాటి నుంచి నీళ్లు వేగంగా రావడంలో మోసమేమీ లేదు. కానీ వరద తర్వాతో, మురుగు కలిసిందని అనుమానం వచ్చినప్పుడో, నీళ్లు మరిగించి తాగమని అధికారులు చెప్పినప్పుడో క్యాండిల్‌ని నమ్ముకుని కూర్చోవద్దు. వడకట్టాక తెర్లేదాకా మరిగించండి. నీళ్లు తేటగా ఉన్నాయన్న ధీమా అప్పుడు పనికిరాదు.

శాతాల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అమ్మకమంతా వాటి మీదే నడుస్తుంది. 99 శాతం అంటే వినడానికి పూర్తిగా పోయినట్టే ఉంటుంది. కానీ పది లక్షల బ్యాక్టీరియా ఉన్న నీళ్లలో 99 శాతం పోతే పదివేలు మిగులుతాయి, 99.99 శాతం పోతే వంద. దశాంశం తర్వాత వచ్చే ఆ తొమ్మిదులే అసలు తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇంటి నీటి శుద్ధి పరికరాలను పరీక్షించడం మొదలుపెట్టింది. అందులో మూడు నక్షత్రాలు రావాలంటే బ్యాక్టీరియా, ప్రోటోజోవా (జియార్డియా లాంటి ఏకకణ జీవులు) 99.99 శాతం, వైరస్‌లు 99.999 శాతం తగ్గాలి. ఇంకొకటి, ఎన్‌ఎస్‌ఎఫ్ అనే అమెరికా సంస్థ పెట్టిన 42 నంబరు ప్రమాణం క్లోరిన్, వాసన, రుచి లాంటి వాటికి సంబంధించింది. సీసం, తిత్తుల లాంటి ఆరోగ్య విషయాలు 53లో ఉంటాయి. 42 ఉన్నంత మాత్రాన సీసం పోతుందని కాదు. 'ప్రమాణం ప్రకారం పరీక్షించాం' అనడం వేరు, బయటి సంస్థ సర్టిఫికెట్ ఇవ్వడం వేరు. మొదటిది ఎవరికి వాళ్లు రాసుకోవచ్చు.

నీళ్లలో కరిగిపోయిన వాటి దగ్గర నేను ఇంకా గట్టిగా చెబుతాను. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్, ఉప్పు, కాఠిన్యం, వీటిని మామూలు సిరామిక్ క్యాండిల్ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఇవి రేణువులు కావు, నీళ్లలో కలిసిపోయి నీళ్లతోపాటే దిగుతాయి. కాఠిన్యంలో కొంత మరిగిస్తే తగ్గుతుంది, మిగతావి తగ్గవు సరికదా, ఆవిరి పోయినకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితులు లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01, నైట్రేట్ 50. మీరు తాగేది బావి నీళ్లో బోరు నీళ్లో అయితే ఫిల్టర్ కన్నా ముందు ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయించండి, ఆ కాగితం చూశాకే కొనండి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే దానికి యాక్టివేటెడ్ అల్యూమినా లాంటి ప్రత్యేకమైన పదార్థం కావాలి, అది కూడా కొన్నాళ్లకు నిండిపోతుంది. చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి చూసి, ముందూ తర్వాతా ఒకే అంకె వచ్చిందని ఫిల్టర్ పనిచేయట్లేదంటారు. ఆ మీటర్ కొలిచేది కరిగిన లవణాల వల్ల నీళ్లలో విద్యుత్తు ఎంత ప్రవహిస్తోందనే. క్రిములు దానికి కనపడవు. అంకె మారకపోవడం సిరామిక్ ఫిల్టర్‌కు సహజం, అంకె తక్కువగా ఉండటం నీళ్లు సురక్షితమనడానికి రుజువు కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కొన్ని క్యాండిల్స్ లోపల నింపే కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. సిరామిక్ నిజాయితీ గల వస్తువు, మడ్డి పట్టేకొద్దీ నెమ్మదించి తన సంగతి తానే చెబుతుంది. కార్బన్ అలా కాదు. అది క్లోరిన్‌తో చర్య జరిపి దాన్ని పోగొడుతుంది, వాసనని, కొన్ని పురుగుమందుల అవశేషాలని తన ఉపరితలానికి అంటించుకుంటుంది, ఆ శక్తి అయిపోయాక నీళ్లు అదే వేగంతో, అదే తేటదనంతో వస్తూనే ఉంటాయి. తెలిసే దారి ఏమైనా ఉందంటే కుళాయి నీళ్ల క్లోరిన్ వాసన కింది డబ్బా నీళ్లలో మళ్లీ మొదలవడం, అది కూడా క్లోరిన్ కలిపే నీళ్లకే. అందుకే కార్బన్ విషయంలో కళ్లని, నాలుకని కాకుండా లెక్కని నమ్మాలి. రోజుకు 12 లీటర్లు వాడే ఇంట్లో ఏడాదికి దాదాపు 4,400 లీటర్లు దిగుతాయి, తయారీదారు చెప్పిన లీటర్లతో దీన్ని పోల్చుకుని ముందే మార్చేయాలి. పైగా కార్బన్ క్లోరిన్‌ని తీసేశాక కింది డబ్బాలోని నీళ్లకు ఏ రక్షణా ఉండదు. చేయి పెట్టినా, గ్లాసు ముంచినా అక్కడినుంచే క్రిములు పెరుగుతాయి.

ఇవన్నీ చూశాక నా ఎంపిక ఇది: నీళ్లలో కరిగిన విషాలేవీ లేవని పరీక్షలో తేలితే, బయట సిరామిక్, లోపల కార్బన్ ఉన్న క్యాండిల్స్ రెండు చాలు. నాలుగు పెడితే వేగం పెరుగుతుంది నిజమే, కానీ కారగల చోట్లు కూడా నాలుగవుతాయి. డబ్బా స్టీల్‌దైతే ఎండ తగలదు, లోపల నాచు పట్టదు. చేయి దూరి అడుగుదాకా తోమగలిగేంత వెడల్పు నోరు ఉండాలి. క్యాండిల్, వాషర్, నట్టు విడిగా దొరకాలి. దొరకని డిజైన్ ఎంత అందంగా ఉన్నా నేను కొనను.

కడగడంలో చేసే తప్పులు చాలావరకు సబ్బుతో మొదలవుతాయి. సిరామిక్‌కి సబ్బు వద్దు, రంధ్రాల్లో ఇరుక్కుని రుచి పాడవుతుంది. చేతులు కడుక్కుని, శుభ్రమైన నీళ్లలో మెత్తటి పీచుతో పైన పట్టిన గోధుమరంగు పొర పోయేదాకా రుద్దితే చాలు. రుద్దేటప్పుడు ఆ మురికి నీళ్లు కింద గొట్టంలోకి పోకుండా వేలితో మూయండి, అది వడకట్టిన నీళ్లు వచ్చే వైపు. తోమిన ప్రతిసారీ సిరామిక్ కొంచెం అరుగుతుంది, అందుకే కొన్ని కంపెనీలు మందం కొలిచే చిన్న చట్రం ఇస్తాయి, అందులోంచి క్యాండిల్ దూరిపోతే దాని పని అయిపోయినట్టే. బురద నీళ్లైతే రాత్రంతా తేరనిచ్చి పైతేట పోస్తే తోమే అవసరమే సగం తగ్గుతుంది. ఇక కింది డబ్బాని సబ్బుతో కడగొచ్చు, కడగాలి కూడా. అందరూ మర్చిపోయేది కుళాయి. విప్పి లోపల వేలు పెట్టి చూడండి, పాకుడు తగులుతుంది. అంత కష్టపడి వడకట్టిన నీళ్లు చివరికి దాని మీదుగానే గ్లాసులోకి వస్తున్నాయి. తెల్లటి సున్నపు పొర కడితే వెనిగర్‌లో కాసేపు నానబెట్టండి.

బిగించాక పరీక్ష తప్పనిసరి. నాకు బాగా నచ్చినది చాలా తేలికైనది: క్యాండిల్ కింది ప్లాస్టిక్ భాగం మునిగేంత వరకే నీళ్లు పోసి, సిరామిక్‌కి తగలనివ్వకుండా ఆగి చూడాలి. అప్పుడు కింద ఒక్క చుక్క పడినా అది వాషర్ దగ్గరి సందే. లోపల కార్బన్ ఉన్న క్యాండిల్ అయితే పై డబ్బాలో వంటకు వాడే రంగు కొన్ని చుక్కలు కలపొచ్చు. కింద రంగు కనిపిస్తే నీళ్లు పక్కదారిన పోతున్నాయనో, కార్బన్ పని అయిపోయిందనో అనుమానించాలి. ఉత్త సిరామిక్‌కి ఈ పరీక్ష వర్తించదు, కరిగిన రంగు దాంట్లోంచి దిగడం మామూలే. పగులు అనుమానం ఉంటే తడిసిన క్యాండిల్‌ని నీళ్లలో ముంచి, గొట్టం తగిలించి ఊదండి. ఒకేచోటు నుంచి బుడగలు వస్తే అక్కడ పగిలినట్టే. బుడగలు రాకపోతే పెద్ద పగులు లేదని మాత్రమే అర్థం, ఎందుకంటే సన్నటి బీటలోంచి గాలిని తోసేంత బలం మన ఊపిరికి ఉండదు. అందుకే చేయిజారి కిందపడిన క్యాండిల్‌ని నేను పైకి బాగానే ఉన్నా వాడను. తడి క్యాండిల్ గడ్డకట్టినా అంతే, లోపలి మంచు వ్యాకోచించి సిరామిక్‌ని చీలుస్తుంది.

కొత్త క్యాండిల్ పెట్టినప్పుడు మొదటి రెండు మూడు డబ్బాల నీళ్లు పారబోయాలి, కార్బన్ పొడి వస్తుంది. పది రోజులు ఊరెళ్తుంటే డబ్బాలు ఖాళీ చేసి, క్యాండిల్స్ విప్పి గాలికి ఆరబెట్టి వెళ్లడం మంచిది. తడిగా మూసి ఉంచితే తిరిగొచ్చేసరికి వాసన పట్టేస్తాయి.

మా ఫిల్టర్ మూత లోపల ఇప్పుడు ఒక కాగితం అతికించి ఉంది. క్యాండిల్ మార్చిన తేదీ, కడిగిన తేదీలు, పై డబ్బా నిండుగా పోసినప్పుడు మొదటి గంటలో దిగిన నీళ్లు. పోయిన నెల కడగకముందు లీటరున్నర, కడిగాక రెండున్నర. కడగకుండానే ఈ అంకె పెరిగిందంటే వెంటనే విప్పి చూస్తాను. కడిగాక నాలుగైదు వచ్చినా అంతే. వాషర్ మడతపడిన ఆ వారం ఈ కాగితం ఉండుంటే, పది రోజులు ఆగకుండా మొదటి రోజే తెలిసిపోయేది.