సవరణ: పది తప్పినా వెల్డర్ ట్రేడ్‌లో చేరవచ్చు

కర్నూలు వెల్డింగ్ షాపుల్లో పనివాళ్ల కొరత గురించి మొన్న రాస్తూ, పది పాసైతేనే ఐటీఐలో సీటు, ఆ నిబంధన మార్చాలి అన్నాను. అది తప్పు. పది పాస్ కావాల్సింది ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడ్లకు. వెల్డర్‌కు ఎనిమిది పాసైతే చాలు, కోర్సు ఒక్క ఏడాదే. వైర్‌మన్‌కూ ఎనిమిదే, కాకపోతే రెండేళ్లు చదవాలి. కేంద్రం ఇచ్చే ట్రేడ్ సిలబస్‌లోనే ఇదంతా ఉంది. నేను చూడకుండా రాశాను.

ఆ పోస్టు చదివి కల్లూరు నుంచి ఒకమ్మ ఫోన్ చేసింది. "మా పిల్లోడు లెక్కల్లో తప్పినాడు, ఇంగ ఐటీఐ గూడా లేదంటిరే సార్" అంది. ఆ మాటకు మనసు చివుక్కుమంది. ఆమెకు విషయం చెప్పాను. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇదీ పంపండి.